ప్రిస్కిల్లా సాక్ష్యం

సంతోషం పట్టలేనప్పుడు నోటికి గడియ ఉండదు. బోధన్‌లో తమ పేట చర్చిలో ఆ ఆదివారం ప్రిస్కిల్లాకు జరిగింది అదే. సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండని పాస్టరుగారు అనగానే లేచి, మైకు అందుకుంది.

"మా ఆయన తాగుడు ఇడిసిండు. దసరా సంది ముట్టలే. దేవునికే స్తోత్రం" అని కళ్లు తుడుచుకుంది.

తెలిసిన నాలుగు బెంచీలవాళ్ల ముందే చెప్పుకున్నాననుకుంది పిచ్చితల్లి. స్తంభానికి కట్టిన ఫోను ఆరాధనంతా లైవులో చూపిస్తోందన్న సంగతి మరిచిపోయింది.

ఆమె భర్త స్టీవెన్ బడిపిల్లల ఆటో నడుపుతాడు. పరువు మనిషి. రాత్రి ఆటో తాళం గోడకు తగిలించాకే తాగేవాడు కాబట్టి ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. సోమవారం పొద్దున పిల్లను ఎక్కించుకోవడానికి వెళ్తే, ఆ పిల్ల తల్లి సుమలత అతణ్ని గేటు దగ్గరే ఆపింది.

"రేపటి సంది పిల్లను మేమే దింపుకుంటం అన్నా. ఏమనుకోకు."

చక్కెర ఫ్యాక్టరీ రోడ్డులో ఇంకొందరు తల్లులదీ అదే మాట. తాగినన్నాళ్లూ ఎక్కిన పిల్లలు, మానేశాక దిగిపోయారు. లోకం తీరు అలా ఏడ్చింది.

ప్రిస్కిల్లా పాస్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన వీడియో తీసేశాడు గాని, అప్పటికే ఆ ముక్క కత్తిరించి ఎవరో గ్రూపుల్లో వేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

స్టీవెన్ ఆమెను ఒక్క మాట అనలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. మళ్లీ సీసా పట్టుకుంటాడేమోనని రోజూ అతని ఊపిరి వాసన చూస్తూనే పడుకుంది.

సాయంత్రం ప్రార్థన గొంతెత్తి చేయడం ఆమెకు అలవాటు. ఆ వారం మోకరించి పెదవి కూడా కదపలేదు. తన మాట ఇక గోడ దాటకూడదనుకుంది.

"గొంతు పోయిందా?" అన్నాడు గడప మీద కూర్చున్న స్టీవెన్.

"మనసులనే చేస్తున్న. ఇగ ఎవరూ ఇనద్దు."

అతను ఆమె వైపు తిరిగాడు.

"దసరా నాడు మూత తీసిన. గోడకు అటు అర్రల నువ్వు నా పేరు చెప్పి ఏడుస్తున్నవ్. గది ఇనే సీసా పక్కకు పెట్టిన" అన్నాడు. "నాకు ఇనబడేటట్టు చెయ్. ఈ వారమంతా మస్తు కష్టమైతుంది."

ప్రిస్కిల్లా కళ్లు మూసుకుని, అతని పేరుతోనే మొదలుపెట్టింది. స్టీవెన్ లేచి తలుపు గడియ పెట్టి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.