నేల కనబడని ఫోటో

ఒక పనికి ఒక లెన్సు అన్నది స్టూడియో అక్కయ్య నియమం. దగ్గరనూ దూరాన్నీ ఒకే గొట్టంలో కుదిస్తామనే జూమ్ లెన్సులు ఆమె దృష్టిలో రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవి. ముప్పై ఏళ్ళుగా ఆమె మనుషులను స్టూడియో కుర్చీలో కూర్చోబెట్టి, ఆరడుగుల దూరం నుంచి, ఒకే లెన్సుతో తీస్తూ వచ్చింది.

ఆ ఉదయం కెమెరాలు బాగుచేసే తమ్ముడు ఫిల్మ్ కెమెరాకు బిగించే చిన్న జూమ్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది లెన్సా, పౌడరు డబ్బానా?" అంది అక్కయ్య.

"పట్టుకో అక్కా, కొరకదు. ఎలా ఉందో చెబితే కొంటాను."

ఆమె బిగించి చూసింది. బరువు లేదు. రింగు ఎక్కడా పట్టకుండా తిరుగుతోంది. వంక పెట్టడానికి సందు దొరక్కపోవడం ఆమెకు మరింత కోపం తెప్పించింది.

"వీధి చివర నిలబడు. చెయ్యి చాపి, ఫోటోకు నిలబడ్డ పెళ్ళికొడుకులా కదలకుండా ఉండు."

"ఈ వయసులో పెళ్ళికొడుకునా? మా ఆవిడ వింటే నీ ఇంటికే పంపిస్తుంది."

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. మొదట వీధంతా కనిపించింది: తమ్ముడు, అతని కాళ్ళు, అతని వెనక పన్నెండు అడుగుల ఖాళీ నేల, ఆ అవతల చొక్కాను కొక్కేనికి తగిలించబోతూ చెయ్యి చాపిన బట్టల కొట్టు ఆవిడ. అక్కయ్య నొక్కి, రింగు తిప్పింది. ముందు కాళ్ళు పోయాయి. తరువాత నేల పోయింది. చివరకు నడుముల పైభాగాలు మాత్రం మిగిలాయి. తమ్ముడి చేతిలో బట్టల కొట్టు ఆవిడ చొక్కా పెడుతున్నట్టే ఉంది.

అక్కయ్య నవ్వుతూ మళ్ళీ నొక్కింది. అంతలోనే నవ్వు మాని కెమెరా దించింది.

ఇలాంటి చేతులను ఆమె ఇంతకుముందు ఒక ఫోటోలో చూసింది.

మూడు వారాల కిందట నూలు మిల్లు మేనేజరు ఒక నెగెటివ్ పంపాడు. అతని బావమరిది దూరాన్ని దగ్గరకు లాగే పొడుగాటి లెన్సుతో మిల్లు ఆవరణలో తీసిన ఫోటో అది. అందులో తూకం మేస్త్రి చేతికి లారీ డ్రైవరు పొట్లం అందిస్తున్నాడు. తూకం తగ్గించడానికి లంచమన్నారు. వెనకనుంచి వస్తున్న లారీని రమ్మని చెయ్యి చాపానని, డ్రైవరు తనకు చాలా దూరంలో నిలబడి అన్నం పొట్లం విప్పుకుంటున్నాడని మేస్త్రి మొత్తుకున్నాడు. ఫోటో కల్తీ చేసిందేమో చూడమని అక్కయ్యను అడిగారు. ఆమె భూతద్దంతో అంగుళం అంగుళం వెతికి, అతుకు గానీ గీత గానీ లేదని, నెగెటివ్ స్వచ్ఛమైనదని రాసి సంతకం చేసింది. ఆ ఫోటోలో ఎవరి కాళ్ళూ లేవు. ఆ సంగతి ఆమెకు తోచలేదు.

మేస్త్రి ఉద్యోగం తీసివేసే కాగితం మీద ఈ రోజే, మధ్యాహ్నం మూడింటికి సంతకం పడుతుంది.

"ఎలా ఉందక్కా?" అన్నాడు వెనక్కి వచ్చిన తమ్ముడు.

ఆమె గుమ్మం పట్టుకుని ఉంది. "డార్క్‌రూమ్ తలుపు తియ్యి. నేను ఒక మనిషి నోట్లో మట్టి కొట్టాను."

మూడు కావడానికి పది నిమిషాలుండగా, ఇంకా తడి ఆరని రెండు ప్రింట్లతో ఆమె మిల్లు ఆఫీసులో అడుగుపెట్టింది. గోడవారన బెంచీ మీద మేస్త్రి, అతని భార్య కూర్చున్నారు. మేనేజరు ప్రింట్లు చూసి పక్కన పెట్టాడు.

"మీరే కదండీ స్వచ్ఛమైనదని రాసింది? ఇప్పుడు కల్తీ అంటారా?"

"కల్తీ కాదు బాబూ. నెగెటివ్ స్వచ్ఛమైనదే. మీరు నెగెటివ్ గురించి అడిగారు, నేను నెగెటివ్ గురించి చెప్పాను. ఆ ఇద్దరి మధ్య నేల ఎంతుందో మీరూ అడగలేదు, నేనూ చూడలేదు. ఈ రెండు ఫోటోలూ ఒకే చోటునుంచి తీశాను, ఒక్క అడుగు కదలకుండా; ఒకదానిలో మధ్య నేల కనిపిస్తుంది, రెండోదానిలో కనబడదు."

మేనేజరు మళ్ళీ ప్రింట్లు అందుకున్నాడు. ఒకటి, తరువాత రెండోది. "సరే. వారం వాయిదా వేస్తాను" అన్నాడు చివరకు.

"వాయిదా ఎందుకు? ఆవరణ ఇక్కడే ఉంది. ఆ డ్రైవరును పిలిపించి ఎవరు ఎక్కడ నిలబడ్డారో కొలవండి. అప్పటిదాకా నా సంతకం చెల్లదని రాసిస్తాను."

మేస్త్రి లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. దణ్ణం పెడతాడనుకుని ఆమె తల దించుకుంది.

"నేను మొదటిరోజే చెప్పానమ్మా, ఆయన దూరంగా ఉన్నాడని. నా నోటి మాట ఎవరూ వినలేదు. మీ సంతకం విన్నారు. మా ఆవిడ కూడా అదే విని, మూడు వారాలుగా నాతో మాట్లాడలేదు."

బెంచీ మీద ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కయ్య మేనేజరు బల్ల మీద ఖాళీ కాగితం తన ముందుకు లాక్కుని, తన సంతకం చెల్లదని నిలబడే రాయడం మొదలుపెట్టింది. ప్రింట్ల తడి వేళ్ళకు అంటి మొదటి అక్షరం అలుక్కుపోయింది. ఆమె దాన్ని కొట్టివేయకుండా, పక్కనే మళ్ళీ రాసింది.