జంట అంకెలు

పచ్చదీపం వెలిగింది. కనకయ్య నమ్మలేదు. నుదుటి మీది కళ్లద్దాలను ముక్కు మీదికి దింపి, తాళంపెట్టె మీది ఎనిమిది అంకెలను గేటు దగ్గర ఆగిన ఎనిమిదిమందిని చూసినట్టు చూశాడు. నాలుగు పక్కన నాలుగు! పెట్టె పనికిరానివి పడేసే ఎర్రట్రేలోకి పోయింది.

అమీర్‌పేట సందులో, కోచింగ్ బోర్డుల వెనక మూడో అంతస్తులో, ఫోనుతో తెరుచుకునే తలుపుతాళాలు తయారవుతాయి. లోపలి చిప్పు కరెంటు గుసగుసలు విని, ఎవరి ఊహకూ అందని అంకెలను పుట్టిస్తుంది. తాళానికి అవే తొలి రహస్యం. దీపం పచ్చగా ఉంటే స్టిక్కరు అంటించడమే కనకయ్య పని. అతనికేమో అంకెకో శంక. అన్నం సంచికి సైతం ఇత్తడి తాళంకప్ప వేసే మనిషి. ఏ పాట పాడినా పాడకపోయినా తాళం మాత్రం తప్పడు.

ఆ వెలిసిన ఖాకీ ప్యాంటు సోమాజిగూడలో వాచ్‌మన్‌గా చేసిన నాటిది. అక్కడ ఒకేరకం చొక్కాల్లో వచ్చిన ఇద్దరిని లోపలికి వదిలాడు. ఫ్లాటు ఖాళీ, కొలువూ ఖాళీ. అప్పటినుంచి జంటలంటే గిట్టదు.

ఎర్రట్రే మళ్లీ నిండితే రేపటినుంచి రావద్దని ఓనరు సారు పొద్దున్నే చెప్పాడు. మధ్యాహ్నానికి నిండింది. ఇంజనీరు హైందవి వచ్చింది.

"ఏంటి కనకయ్యగారూ, పచ్చదీపం వెలిగాక కూడానా?"

"దీపానికేం తెల్సు మేడం? గీ రెండు నాలుగులు సూడుండ్రి, ఎట్ల ఒత్తుకోని కూసున్నయో!"

"రూపాయి ఎగరేస్తే వరసగా రెండుసార్లు బొమ్మ పడదా?"

"పడ్తది. పడ్డంక తిప్పి సూస్త, ఎనక సుత బొమ్మనే ఉన్నదేమోనని."

ఆమె నవ్వబోయి ఆగింది. "జంటలన్నీ మీరు ఏరేస్తే, మన తాళాల్లో జంటలుండవని దొంగ కనిపెట్టేస్తాడండీ. వాడు వెతకాల్సింది సగానికి తగ్గిపోతుంది."

కనకయ్య కళ్లద్దాలు తీశాడు. వేళ్ల జిగురు వాటికి అంటుకుంది.

"అంటే... మల్లా గేటు తీసిన్నా నేను?"

సారు గదిలోంచి కనకయ్యకు పిలుపు వచ్చింది. తలుపు మూసుకుంది, కాసేపటికి తెరుచుకుంది. కనకయ్య సంచి చంకన పెట్టుకుని, మెట్లు దిగి, పంజాగుట్ట వైపు జనంలో కలిసిపోయాడు.

బల్ల మీద అతని ఇత్తడి తాళంకప్ప నోరు తెరుచుకుని ఉంది, చెవి దానికే వేలాడుతూ.