విడిగా ఉంచిన నత్తలు

కోటిరత్నం కోడలు గుంటూరులో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో, సముద్రాన్ని పెంచుదామనుకుంది. మనుషులు వాడుకునే నీళ్ళకే మోటారు మొరాయించే అపార్ట్‌మెంట్ అది. అందులో ఒక పెద్ద గాజుతొట్టి, ఉప్పు కలిపిన నీళ్ళు, తెల్లటి రాళ్ళు, నీలం లైటు. చేపలింకా రానేలేదు, అద్దాలకు అప్పుడే గోధుమరంగు పాచి పట్టింది. ఆ పాచి తినడానికి సముద్రపు నత్తలు కావాలట.

కోటిరత్నం నోరు మెదపలేదు. మెదిపే చనువు తనకింకా రాలేదని ఆమె బాధ. కోడలు శ్రీరమ్య కాపురానికొచ్చి ఏడాది కావస్తోంది. కాలేజీలో లెక్చరరు. మంచి పిల్ల, మర్యాదకు ఏ లోటూ లేదు. ఆ మర్యాదే కోటిరత్నానికి మింగుడుపడడం లేదు. కూర తరగబోతే “మీరు కూర్చోండి అత్తయ్యా” అంటుంది. బట్టలు మడతపెట్టబోతే “నేను చూసుకుంటాను అత్తయ్యా” అంటుంది. ప్రత్తిపాడు దగ్గర మిరప చేలో కూలీలందరినీ ఒంటిచేత్తో నడిపించిన మనిషి, కొడుకింట్లో సోఫా మీద చుట్టంలా కూర్చుంది. ఈ పిల్ల నమ్మి తన చేతికి ఒక్క పని అప్పగిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేది.

నత్తలొచ్చాయి. చేపల దుకాణం నడిపే హయాత్ వాటిని చెన్నై నుంచి తెప్పించి తనే తీసుకొచ్చి ఇచ్చి వెళ్ళాడు. శ్రీరమ్య వాటిని పెద్ద తొట్టిలో వేయకుండా వంటింటి గట్టు మీద ఓ చిన్న ప్లాస్టిక్ తొట్టిలో ఉంచింది.

“అదేందమ్మా, అందులో వెయ్యవా?”

“వీటి వెంట పురుగులూ రోగాలూ వస్తాయి అత్తయ్యా. కొన్ని వారాలు విడిగా ఉంచి, ఏమీ లేదని తేలాకే కలపాలి.”

“ఓస్, ఇంతేనా! సంతలో కొన్న గేదెనైనా అంతేగా. తోలుకొచ్చి తిన్నగా కొట్టంలో కట్టేస్తామా ఏంది? వేరే గుంజకి కట్టి, పేడ చూసి, గిట్టలు చూసి, అప్పుడు మందలో కలుపుతాం.”

శ్రీరమ్య పకపకా నవ్వింది. “అచ్చం అదే అత్తయ్యా! కాలేజీలో ఎంతమందికి చెప్పినా ఎవరికీ ఎక్కలేదు.” ఆ ఇంట్లో కోడలు అలా మనసారా నవ్వడం కోటిరత్నం చూడడం అదే మొదటిసారి.

ఇంతలో శ్రీరమ్యకు పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ ఒంగోలులో పడింది. వారం పాటు అక్కడే ఉండాలి. భర్త వేణుగోపాల్‌ది మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం, సీజన్లో అతనికి తిండికే తీరిక ఉండదు. వెళ్ళేముందు శ్రీరమ్య అత్తగారిని చిన్న తొట్టి దగ్గరికి పిలిచింది.

“ఈ గీత కంటే నీళ్ళు తగ్గితే ఈ నీలం క్యాన్‌లోవి పోయండి. ఉప్పు కలపొద్దు. ఇవి తప్ప వేరే నీళ్ళు మాత్రం వద్దు అత్తయ్యా. మీ మీదే భారం వేసి వెళ్తున్నా.”

మీ మీదే భారం! కోటిరత్నం ఆ సాయంత్రమే ఊళ్ళో ఉన్న చెల్లెలు చెంచమ్మకు ఫోన్ చేసింది. “మా కోడలు ఇల్లంతా నాకొదిలేసి పోయిందే” అని గొప్పలు పోయింది. చేలో నత్త కనబడితే కాలితో తన్ని అవతలేసిన మనిషి, ఇప్పుడు తొట్టి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. అవి అద్దానికి అతుక్కుని, చిన్న నోళ్ళతో పాచిని గీకి గీకి తినడం చూస్తుంటే ముచ్చటేసింది. “తినండ్రా, తినండి” అంది.

ఎండలు మండిపోతున్నాయి, నీళ్ళు తొందరగా ఇగిరిపోతున్నాయి. అన్నిట్లోకీ చిన్న నత్త ఒకటి పొద్దుటినుంచీ కదలకుండా అడుగునే పడి ఉంది. కోడలికి ఫోన్ చేస్తే స్విచాఫ్. కోటిరత్నం చూపు నీలం క్యాన్ మీద పడింది. ఆ నీళ్ళంటే ఆమెకు మొదటినుంచీ గురి లేదు. మిషన్లో పడేసి సారమంతా పిండేసిన నీళ్ళని ఆమె లెక్క. ఆమె తాగేది తన రాగి బిందెలో రాత్రంతా నిలవుంచిన నీళ్ళే. అవి తాగబట్టే మోకాళ్ళు ఈమాత్రమైనా వంగుతున్నాయని ఆమె నమ్మకం. నీరసపడ్డ ప్రాణానికి ఇంట్లో ఉన్న మంచినీళ్ళు పోయకుండా ఎలా ఉంటుంది? చెంబుతో ముంచి పోసింది.

మర్నాటికి ఇంకో రెండు అద్దం వదిలి అడుగున పడ్డాయి. ఇంకో చెంబు పోసింది. మనం ఆరోగ్యమని తాగే రాగి నత్తల పాలిట విషమని ఆమెకు ఎవరు చెప్తారు? పాపం, అవి వాడిపోతున్నకొద్దీ ఆమె మరింత ప్రేమగా పోసింది.

శ్రీరమ్య తిరిగొచ్చేసరికి తొట్టి కంపు కొడుతోంది. చేతిలో బ్యాగు కూడా దించకుండా తొట్టి మీదికి వంగి చూసింది, ఒక్క నత్తా కదలడం లేదు. తర్వాత నీళ్ళు చిన్న సీసాలోకి తీసి, ఏదో మందు చుక్కలు వేసి, రంగు చూసింది.

“నీళ్ళలో రాగి ఉంది. నత్తలకి రాగి తగిలితే ఇంక బతకవు.” వెనక్కి తిరిగి అడిగింది. “అత్తయ్యా, మీ బిందెలో నీళ్ళుగానీ పోశారా?”

ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఔనంటే ఇక ఈ జన్మకు తన చేతికి ఏదీ ఇవ్వదనిపించింది కోటిరత్నానికి.

“లేదమ్మా. నువ్వు చెప్పిన క్యాన్ నీళ్ళే.”

శ్రీరమ్య నమ్మింది. వెంటనే హయాత్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. “చేపలకి వేసే రాగి మందు కలిసిన నీళ్ళలో నత్తల్ని ఉంచి నాకు అంటగట్టారు కదా?”

“నా పిల్లల మీద ఒట్టు మేడమ్, నత్తల తొట్టి దగ్గరికి ఆ మందే రానివ్వను.”

“మా అత్తయ్య కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నారు. తప్పు మీది కాకపోతే ఎవరిది? ఇంకెప్పుడూ మీ షాపు గడప తొక్కను. నలుగురికీ చెప్తాను కూడా.”

కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నారన్న మాట కోటిరత్నానికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఏడాదిగా ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు, ఇలా వినాల్సి వచ్చింది.

“అమ్మాయ్, ఆ అబ్బాయిని తిట్టమాక. నేనే పోశా. బిందెలో నీళ్ళే పోశా.”

శ్రీరమ్య హయాత్‌కి క్షమాపణ చెప్పి ఫోన్ పెట్టేసింది.

“రాగి వద్దని విడమరచి చెప్పకపోవడం నా తప్పు అత్తయ్యా. అది మీకు తెలీదు. కానీ నేనడిగినప్పుడు మీకు తెలుసు కదా.”

పోసినందుకు కాదు, ‘లేదమ్మా’ అన్నందుకు కోటిరత్నం కుమిలిపోయింది. ఆ ఒక్క మాటా వెనక్కి తీసుకునే దారేదైనా ఉంటే కాళ్ళు విరిగినా నడిచి వెళ్ళేది. కోడలు మాత్రం ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు, గొంతు పెంచలేదు. ఎప్పటిలాగే కాఫీ కలిపి చేతికందించింది.

కొన్నాళ్ళకు హయాత్ దగ్గర్నుంచే మళ్ళీ నత్తలొచ్చాయి, మళ్ళీ విడిగా చిన్న తొట్టిలో చేరాయి. అంతలో ఒంగోలులో శ్రీరమ్య పిన్ని కూతురి పెళ్ళి వచ్చింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్తున్నారు, ఇంట్లో ఉండేది కోటిరత్నం ఒక్కతే. వాటిని చూడమని తనకు చెప్తుందేమోనని ఆమె పొద్దుటినుంచీ వంటింట్లోనే తచ్చాడింది. బయల్దేరేముందు శ్రీరమ్య తొట్టికి మూత పెట్టింది.

“హయాత్ గారి షాపులో దించి వెళ్తాం అత్తయ్యా. మీకెందుకు శ్రమ.”

“కిందిదాకా నేను పట్టుకొస్తాలే” అంది కోటిరత్నం. నీళ్ళు తొణక్కుండా మెట్టు మెట్టుకీ ఆగి దిగింది. వేణుగోపాల్ సామాను సర్దుతున్నాడు. శ్రీరమ్య ఆటోలో కూర్చుని రెండు చేతులూ చాచింది.

“అమ్మాయ్, ఈసారి క్యాన్ నీళ్ళే పోస్తానే.”

“తెలుసు అత్తయ్యా” అంది శ్రీరమ్య. చాచిన చేతులు అలాగే ఉన్నాయి.

కోటిరత్నం తొట్టి ఇచ్చేసింది.