ఏరు దాటి వచ్చిన మాట

ఆర్మేనియా కొసన ఉన్న మా మెగ్రీలో నేను లేకుండా విందు జరగదు. నా మీద ప్రేమతో కాదు, గ్లాసెత్తి నాలుగు మాటలు చెప్పే మనిషి ఒకడు కావాలి కదా. బడిలో ఏళ్ళ తరబడి పాత ఆర్మేనియన్ చెప్పినవాణ్ణి. ప్రతి గ్లాసుకీ ఏదో ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు విప్పకుండా ఉండలేను. మాస్టారి మాట పుట్టి పెరిగి పెద్దయ్యేలోగా తన మాంసం బొగ్గవుతుందని పొయ్యి దగ్గర సెద్రాక్ గొణుగుతూనే ఉంటాడు. గొణగనీ. చెవికి రుచి తెలియనివాడికి నోటి ధ్యాసే ఎక్కువ.

ఆ రోజు ద్రాక్ష దీవెన పండుగ. గుడిలో పళ్ళకు దీవెన అయ్యేదాకా మేం ఒక్క పండు కూడా నోట పెట్టం. తెల్లవారగానే నా చెల్లెలు వర్సెనిక్ వచ్చింది. దాని కొడుకు మిహ్రాన్ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. శవమూ రాలేదు, కబురూ రాలేదు. అప్పటికి మూడో వేసవి. మా విందుల్లో పోయినవాళ్ళ కోసం ఒక గ్లాసు ఎత్తుతాం. ఆ ఒక్క గ్లాసునీ పక్కవాడి గ్లాసుకు తగిలించం, ఎందుకంటే గలగలలు బతికున్నవాళ్ళకే. ఆ వేళకి వర్సెనిక్ ఏదో వంక పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

"అన్నయ్యా, ఆ గ్లాసులో నా కొడుకు పేరు కలిపావంటే మళ్ళీ నీ గడప తొక్కను," అంది.

కలపనన్నాను. అది వెళ్ళాక పందిరి కిందికి వచ్చాను. దాని కోడలు, మిహ్రాన్ పెళ్ళాం నజెలీ అక్కడ గుత్తులు కడుగుతోంది. కపాన్ నుంచి పుట్టింటివాళ్ళు ఎన్నిసార్లు వచ్చి పిలిచినా ఆ పిల్ల వెళ్ళలేదు. అత్త తన నోటితో అనలేదని విధవల నల్లబట్టా కట్టలేదు.

"మావయ్యా, ఊళ్ళో అందరూ నన్ను చూసి మాట మింగేస్తున్నారు. నేను పెళ్ళాన్నో విధవనో మీరైనా చెప్పండి," అంది, తలెత్తకుండానే.

ఇన్ని మాటల మూలాలు తెలిసిన నేను, కడిగిన గుత్తుల బుట్ట ఎత్తుకుని గుడి దారి పట్టాను. నా చదువు మీద నాకే రోత పుట్టింది.

గుడి నుంచి వచ్చాక ఎండ మత్తుకి కునుకు పట్టింది. మా ఊరి కింద అరాక్స్ ఏరు, అవతలి ఒడ్డు ఇరాన్. కలలో మాటలు ఏరు దాటి వస్తున్నాయి. మా భాషలోకి అటునుంచి వచ్చి స్థిరపడ్డవే అన్నీ. గులాబీ వస్తోంది, వెయ్యి వస్తోంది, రాజు వస్తున్నాడు. అందరూ బట్టలు మోకాళ్ళదాకా ఎగ్గట్టి, చెప్పులు చేత పట్టుకున్నారు. అందరికంటే వెనక చిన్న మాట ఒకటి, తడిసి వణుకుతోంది. మహ్. చావు. ఇవతలి ఒడ్డున మా సొంత క్రియ మెర్నెల్ కూర్చుని ఉంది. చనిపోవడం అని దాని అర్థం. అది వంగి చిన్నదానికి చెయ్యి అందించింది. ఇద్దరూ ఒకే ముత్తవ్వ సంతానం. ఎప్పుడో విడిపోయి, ఒకరి మొహం ఒకరు మరిచిపోయారు. నీళ్ళ మీద వెలుతురు తప్ప చప్పుడే లేదు. ఆ కలలోంచి నాకు లేవబుద్ధి కాలేదు.

సాయంత్రం విందులో ఆ గ్లాసు వేళ రానే వచ్చింది. వర్సెనిక్ ఖాళీ పళ్ళెం తీసుకుని లేచింది. కల మత్తు ఇంకా వదలని నేను ఆ మాట కథే ఎత్తుకున్నాను. చనిపోవడం మనదేనని, చావు మాత్రం ఏరు దాటి వచ్చిందని చెప్పాను. పిలవకుండా వచ్చినదాన్ని మన పెద్దలు తిప్పి పంపలేదు, చోటిచ్చి మన విభక్తులు తొడిగారు అన్నాను. గుమ్మం దగ్గర వర్సెనిక్ ఆగింది. అది వింటోందని నాకు ఇంకా హుషారు వచ్చింది.

"ఒంటరిగా ఉన్నప్పుడు అది పొట్టి మాట, మహ్. దానికి సంబంధించినది ఏదైనా చెప్పాలంటేనే సాగుతుంది, మహ్వాన్ అవుతుంది. చావు రోజు, చావు కబురు..."

అక్కడ నాకు తెలిసొచ్చింది. ఆ రోజేదో తెలియని తల్లి ముందు, ఆ కబురే అందని తల్లి ముందు ఉదాహరణలు ఇస్తున్నాను. నలుగురూ బల్ల వైపు చూస్తున్నారు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

వర్సెనిక్ పళ్ళెం కింద పెట్టి, వెనక్కి వచ్చి నజెలీ పక్కన కూర్చుంది. తన గ్లాసు అందుకుంది. పేర్లేవీ తలవకుండా, "పోయినవాళ్ళందరికీ" అని మాత్రం పలికి నా గ్లాసెత్తాను. తప్పు ఎలా దిద్దుకోవాలో తోచలేదు. వాడు బతికే ఉన్నాడని దానికి చెప్పాలనిపించింది. ఇన్నేళ్ళ అలవాటు, ఇచ్చిన మాట, అన్నీ కలిసిపోయి, ఎవరూ ఎన్నడూ చేయని పని చేశాను. నా గ్లాసు చెల్లెలి గ్లాసుకు తగిలించబోయాను.

వర్సెనిక్ తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దన్నయ్యా. ఈ గ్లాసు తగిలించకూడదు," అంది. కోపం లేదు ఆ గొంతులో. తర్వాత కోడలి వైపు తిరిగింది. "నువ్వూ తాగు తల్లీ, మిహ్రాన్‌కి. రేపు మీ నాన్నకి నేనే ఫోన్ చేసి, వచ్చి నిన్ను తీసుకెళ్ళమంటాను."

నజెలీ గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసింది. ఆ తర్వాత ఈ మూడు వేసవులూ ఎవరి ముందూ ఏడవని ఏడుపు ఏడ్చింది. వర్సెనిక్ ఆ పిల్ల తలని తన భుజానికి ఆనించుకుంది. ఊరుకోమని మాత్రం అనలేదు.