మింగడం నేర్పినవాడు

జ్వరమొచ్చి తగ్గాక, కాఫీ గింజలు వేయించి అమ్ముకునే అతనికి ముక్కూ నాలుకా మొద్దుబారిపోయాయి. గింజ రంగు కంటికి తెలిసేదే గాని రుచి నోటికి అందేది కాదు. ఇంట్లో మిగిలిన మంచి నాలుక పదేళ్ల కూతురిది. బడికి వెళ్లేముందు ఆరు వాయిల డికాషన్, వాయికి అరకప్పు చొప్పున, పాలూ చక్కెరా లేకుండా ఆ పిల్లే రుచి చూసేది.

మొదటిరోజు ఉమ్మేయబోతే తండ్రి కళ్లెర్రజేశాడు.

"మన సరుకు మనమే ఉమ్మేస్తే కొనేవాడేం తాగుతాడే? మింగు."

మింగింది. మూడేళ్లు మింగింది. గింజ మాడిందని ఆ పిల్ల అంటే మాడినట్టే. వాడుకగా కొనే హోటలాయన ఆ పిల్లకి చిట్టినాలుక అని పేరు పెట్టాడు.

ఈమధ్య పడుకుంటే నిద్ర రాదు. బడిలో కూర్చుంటే కాలు ఆగదు. పటాలు గీయడంలో చేయి తిరిగిన పిల్ల, ఇప్పుడు నది గీస్తే మెట్లు గీసినట్టుంది. టీచరు కబురు పెడితే తండ్రి డాక్టరమ్మకు చూపించాడు.

"కాఫీ తాగుతుందా?"

"తాగదండీ. రుచి చూస్తుందంతే."

"ఎంత?"

చెప్పాడు. ఆవిడ నాడి మళ్లీ పట్టి చూసింది.

"పెద్దవాళ్లకే ఎక్కువయ్యా అది. గుండె ఎలా పరిగెడుతోందో చూడు. రుచి చూసి ఉమ్మేస్తారు గాని, మింగమన్నదెవరు?"

పిల్ల తండ్రి వంక చూడలేదు. గోడమీది క్యాలెండరు చూసింది. అతనికి అదే గుచ్చుకుంది.

రుచి చూడటం మానిపించాడు. మర్నాటికే పిల్లకి కాఫీ అందక తలనొప్పి పట్టుకుంది. తలకి గుడ్డ బిగించుకుని మంచం దిగలేదు. మూడోరోజు హోటలాయన వచ్చి పొట్లం బల్లమీద పడేశాడు.

"ఇది కాఫీయా, బొగ్గా? చిట్టినాలుక అలిగిందా ఏంటి?"

"దానికి ఒంట్లో బాగాలేదు."

"నా గిరాకీకీ బాగాలేదు మరి. ఇంకో వాయి ఇలాగే వస్తే నీ గడప తొక్కను."

తలగుడ్డతోనే పిల్ల బయటికొచ్చింది.

"ఇటివ్వు నాన్నా, నేను చూస్తాగా."

వద్దనాలి. కానీ రెండు కొత్త వాయిల డికాషన్ రెండు కప్పుల్లో పోసి, ఒకటి చేతికిచ్చి, బల్లకింది బకెట్ తీసి కూతురి గడ్డం కింద పట్టాడు.

"ఉమ్మెయ్ తల్లీ. మింగకు."

తలూపింది. నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, కాసేపు పుక్కిలించింది. గొంతు గుటుక్కుమంది.

"ఇది బాగుంది," అంది.

హోటలాయన నాలుగు కిలోలు కట్టమన్నాడు. తండ్రి ఖాళీ బకెట్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పిల్ల అప్పటికే రెండో కప్పుకి చెయ్యి చాపింది.