బూరెకు చలవ చేసిన ఉగ్గుగిన్నె

నేను ఒక వెండి ఉగ్గుగిన్నెను. నా ముక్కు నోట్లో పెట్టించుకున్న ప్రాణి ఏదీ ఇంతవరకూ దక్కకుండా పోలేదు. మండపేటలో సత్యవేణమ్మ మనవరాలు లిఖిత పదకొండో నెలలో జబ్బుపడి గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ పసిదాన్ని బతికించింది నేనే. నమ్మకపోతే సత్యవేణమ్మనే అడగండి. పన్నెండేళ్లుగా ఆవిడ ఆ సంగతి వీధి వీధంతా చెబుతూనే ఉంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు పాలపొంగలి పంచడానికి వస్తే, వాళ్లు తెచ్చిన గిన్నె ఖాళీ చేసి ఇచ్చేలోగా ఈ కథ వాళ్ల చెవిన పడి తీరాల్సిందే.

పుట్టింది అజ్జరంలో. నన్ను పోసినవాడు సూరన్న అనే ముసలి కంచరి. మట్టి అచ్చులో కాగిన లోహం పోసి, చల్లారాక అచ్చు పగలగొట్టి, నా ముక్కు ఒక్కదాన్నే నాలుగు రోజులు ఆకురాయితో నునుపు చేశాడు. "పసిబిడ్డ చిగుళ్లకి తగిలేది ఇదేరా. గరుకుంటే ఆ ఉసురు మనకి" అన్నాడు కొడుకుతో. తోమి ఎండలో బోర్లించేసరికి నా మెరుపు చూసి మూడు వీధుల కోళ్లు రెండోసారి తెల్లారిందనుకుని కూశాయి. సూరన్న భార్య గిన్నె ఎత్తి లోపల పెట్టాకగాని అవి నోరు మూయలేదు.

నన్ను కొన్నది సత్యవేణమ్మ అత్తగారు. ఆవిడ కొడుక్కి ఆముదం పట్టింది. ఆ కొడుకు సత్యవేణమ్మకి మొగుడై, వాళ్లకి వీర్రాజు పుడితే, వాడికీ నాతోనే ఆముదం పట్టారు. మనుషుల తీరు నాకు ఇప్పటికీ అంతుపట్టదు. చిన్నప్పుడు నన్ను దూరాన్నుంచి చూసే కాళ్లు తన్నుకుని ఏడుస్తారు. మీసాలొచ్చాక అదే నన్ను అరచేతిలో తిప్పుకుంటూ కళ్లు తుడుచుకుంటారు. ఆముదం తాగినవాడికి ఆముదం మీద ప్రేమ పుట్టగా చూడలేదు. గిన్నె మీద మాత్రం పుడుతుంది.

లిఖితతో నా ఉద్యోగం అయిపోయింది. అటకెక్కించారు. కిందటేడు దాకా అక్కడే, విరిగిన ఇడ్లీ రేకుల పక్కన, బల్లులకు నా కథలు చెప్పుకుంటూ పడి ఉన్నాను.

కిందటేడు లిఖిత పుట్టినరోజుకి వీర్రాజు రాజమండ్రి నుంచి ఒక గినీ పిగ్‌ని తెచ్చాడు. పేరులో పంది ఉంది గాని పంది కాదు. తోక లేదు గనక ఎలకని కూడా అనలేం. గుండ్రంగా, గోధుమ రంగులో, నేతిలో వేగిన బూరెకు బొచ్చు మొలిచినట్టు ఉంది. అందుకే దానికి బూరె అని పేరు పెట్టారు. సత్యవేణమ్మ గూటి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎలకని పట్టుకోడానికి బోను కొంటారు గాని, బోను కొని అందులో పెట్టడానికి ఎలకని కొన్నావేట్రా" అంది కొడుకుతో.

అన్నదే గాని, నెల తిరగకుండా ఆవిడ ఎవరితోనైనా మాట్లాడుతోందంటే అది బూరెతోనే. వీర్రాజు రైసు మిల్లుకి, కోడలు ప్రభావతి తన కుట్టుమిషన్ల కొట్టుకి, లిఖిత బడికి వెళ్లిపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఉండేవి ఆ రెండు ప్రాణాలే. ప్లాస్టిక్ సంచి గలగలమంటే చాలు, బూరె వీక్ వీక్ మని కూసేది. "వస్తన్నానే, వస్తన్నా. నీకు నా మొగుడికున్నంత తొందర" అనేది ఆవిడ.

గూట్లో పాత పంచె చింపి పరిచేవారు. ఒకరోజు ఆ తెల్లగుడ్డ మీద గులాబి రంగు మరక కనిపించింది. బూరె వీపు గూనిగా పెట్టి, ఒంటికి పోసుకునేటప్పుడల్లా సన్నగా కీచుమంటోంది. లిఖిత దాన్ని తువ్వాల్లో చుట్టుకుని తండ్రి బండి మీద రాజమండ్రి వెళ్లింది. అక్కడ చిన్న జంతువుల్ని చూసే ఝాన్సీ అనే డాక్టరమ్మ ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని చెప్పి, పద్నాలుగు రోజులు పొయ్యమని మందు ఇచ్చింది. ఆరో రోజుకే కీచుమనడం తగ్గినా, ఆ పిల్ల మానకుండా పద్నాలుగు రోజులూ సూది లేని సిరంజితో లెక్క ప్రకారం పోసింది. రోజూ బూరెను తూచి బరువు నోటు పుస్తకంలో రాసుకుంది.

నెలన్నరకి మళ్లీ మరక పడింది. మళ్లీ అదే మందు, అదే సిరంజి.

"ఒంట్లో వేడి చేసిందే అమ్మడూ. సిరంజిలో నాలుగు చుక్కలు పోస్తే వేడి దిగుద్దా" అంది సత్యవేణమ్మ.

"వేడి కాదు మామ్మా. సూక్ష్మజీవులంట."

"అవి పుట్టేదీ వేడికే."

లిఖిత బడికి వెళ్లాక ఆవిడ పక్కింటి కుర్రాడి చేత స్టూలు వేయించి నన్ను అటక మీంచి దింపించింది. పిడికెడు చింతపండు పెట్టి తోమింది. ఇక్కడొక చిన్న సంగతి. నేను వెండి అన్నాను కదా. ఆ తోముడికి నా కళాయి కాస్తా పొరలు పొరలుగా ఊడి, లోపలున్న ఇత్తడి బయటపడింది. అజ్జరంలో పోసేది ఇత్తడేనని మీలో తెలిసినవాళ్లు అప్పుడే నవ్వుకుని ఉంటారు. నవ్వుకోండి. చుట్టరికం కలుపుకోవాలనుకుంటే వెండిదాన్ననే చెబుతాం గాని, ఇత్తడిదాన్నని ఎవరు చెప్పుకుంటారు?

మెట్ల పక్కన పాత పెయింటు బకెట్లో బచ్చలి తీగ ఉంది. బచ్చలి చలవ అని ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. సత్యవేణమ్మ లేతాకు కోసి, రోట్లో నూరి, గుడ్డలో పిండి, ఆ పచ్చని రసం నాలో పోసి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా గూడు ముందు చతికిలబడేది. బూరె రెండు ముందు కాళ్లూ నా అంచు మీద ఆనించి, ముక్కు చప్పరిస్తూ తాగేది. సగం గడ్డం మీదుగా కారి పొట్ట కింది బొచ్చులోకి, పరిచిన గుడ్డలోకి దిగేది. "తాగు తల్లీ, చలవ" అనేది ఆవిడ. నాకైతే పన్నెండేళ్ల తర్వాత దొరికిన కొలువు. గర్వంతో నా ముక్కు ఇంకో అంగుళం పెరిగింది.

డాక్టరమ్మ ఫోనులో లిఖితను అడిగింది, ఏమేం పెడుతున్నారని. ఎండుగడ్డి, కొత్తిమీర, క్యాప్సికం ముక్క అని చెప్పింది పిల్ల. మామ్మని కూడా అడిగింది ఆ పిల్ల, తను బడికెళ్లాక మేతేమైనా వేస్తున్నావా అని. "మేతా? పరక కూడా వెయ్యను" అంది ఆవిడ. అబద్ధమాడుతున్నానని ఆవిడకి ఏ కోశానా లేదు. మందు పోస్తున్నాననే అనుకుంది.

మూడోసారి మరకతో పాటు గుడ్డ మీద సుద్దపొడిలాంటిది కూడా పడింది. బూరె గడ్డి ముట్టడం మానేసింది. తొమ్మిది వందల గ్రాములున్న ప్రాణి ఏడు వందల అరవైకి వచ్చింది. లిఖిత ఆ అంకె రాసి, దాని కింద గీత గీసి, గీత మీద మళ్లీ గీత గీసింది.

ఆ రోజు వీర్రాజుకి మిల్లులో సెలవు దొరకలేదు. ప్రభావతి కొట్టు మూసి, ముగ్గురాడవాళ్లూ గంపలో బూరెను పెట్టుకుని బస్సెక్కారు. దారిలో నీళ్లు పట్టాలని సత్యవేణమ్మ నన్ను కొంగున కట్టింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి వెలుగుకి పెట్టి చూపించింది. "మూత్రసంచిలో సున్నంలాంటి మడ్డి పేరుకుంది. సూక్ష్మజీవులు అందులోనే కాపురం పెడుతున్నాయి. మందు పోసినన్నాళ్లు అణుగుతాయి, ఆపితే లేస్తాయి. ఇది రాయి కడితే కొయ్యాలి. ఇంత ప్రాణి ఆ కోత తట్టుకుంటుందని నేను మాటివ్వలేనమ్మా."

లిఖిత గంప అంచు పట్టుకుని నిలబడింది. "అన్నీ మీరు చెప్పినట్టే చేశానండి" అంది. డాక్టరమ్మ బూరె నోరు తెరిచి చూసింది.

"నోరెండిపోయింది దీనికి. నీళ్లున్నాయా?"

సత్యవేణమ్మ నన్ను విప్పి నీళ్లు పోసి వంచింది. నీళ్లు రాలేదు. డాక్టరమ్మ నన్ను తీసుకుని, ముక్కులోకి చీపురుపుల్ల పోనిచ్చి లాగింది. ఆకుపచ్చని జిగురు ముద్ద బల్ల మీద పడింది. నాకు నోరుండీ మాట లేదు. చెప్పాల్సినదంతా నా ముక్కే చెప్పింది.

"ఏంటండి మామ్మగారూ ఇది?"

"ఆయ్, బచ్చలండి. చలవని రోజూ పడతన్నానండి."

లిఖిత తలెత్తి మామ్మని చూసింది. సూరన్న కొలిమిలో కూడా నేను అంత వేడి ఎరగను.

డాక్టరమ్మ కేకలెయ్యలేదు. "ఇదొక్కటే కారణమని నేను ఒట్టెయ్యలేనండి. కాని అలాంటి ఆకు రోజూ రసం తీసి పోస్తే లోపల మడ్డి పెరుగుతుంది. రసంతో కడుపు నిండితే గడ్డి తినదు, నీళ్లు తాగదు. కారింది కారినట్టు పొట్ట కింద తడిగా ఉంటే సూక్ష్మజీవులకి పండగ. దీనికి కావాల్సింది ఎండుగడ్డి, పొడిగుడ్డ, మంచినీళ్లు. అంతేనండి."

"ఈ పిల్లకి పదకొండో నెలలో ఇదే జబ్బండి" అంది సత్యవేణమ్మ. "ఒంటికి పోసుకోవాలంటే గుక్కపట్టేది. ఈ గిన్నెతోనే, ఈ రసంతోనే తగ్గించానండి నేను."

గుమ్మం దగ్గర నిలబడ్డ ప్రభావతి నేల చూసింది. "అత్తయ్యా, అప్పుడు తగ్గింది పిల్లల డాక్టరు గారి మందుకండి. పది రోజులు పోశాను. మీరు పెరట్లోకి వెళ్లినప్పుడల్లా."

"నాకు చెప్పలేదేం?"

"మీరంత పొంగిపోతుంటే చెప్పబుద్ధి కాలేదండి."

సత్యవేణమ్మ నా వైపు చూసి అడిగింది. "దేంతో పోశావు?"

"ఈ గిన్నెతోనే అత్తయ్యా."

మరి దాచడమెందుకు, అది నిజమే. ఆ పది రోజులూ అత్త పోసిన రసం, కోడలు పోసిన మందు, రెండూ నా ముక్కులోంచే వెళ్లాయి. ఏది పని చేసిందో నాకు ఆనాడే తెలుసు. కాని ఊరంతా నీ వల్లే పిల్ల బతికిందంటుంటే, కాదండీ అనే గిన్నె అజ్జరంలో ఇంకా తయారు కాలేదు. కోడలు మర్యాదకి ఊరుకుంది, నేను గొప్పకి ఊరుకున్నాను. ఆ రెండు మౌనాల ఫలితం పన్నెండేళ్ల తర్వాత ఒక నోరులేని ప్రాణి మూత్రసంచిలో పేరుకుంది.

బూరెను మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. ఇంట్లో ఆ మూడు రోజులూ లిఖిత మామ్మతో మాట్లాడలేదు. సత్యవేణమ్మ ఒంటిగంటకల్లా అలవాటు కొద్దీ వచ్చి ఖాళీ గూడు ముందు కూర్చునేది. రెండోనాడు లేచి వెళ్లి బచ్చలి తీగ పీకెయ్యడానికి మొదట్లో చెయ్యి వేసింది. అప్పుడే కొట్టు నుంచి వచ్చిన ప్రభావతి ఆ చెయ్యి పట్టుకుంది. "పప్పులోకి పనికొస్తుందిలెండి అత్తయ్యా. తప్పు దాంది కాదు. చెప్పకపోవడం నాది." ఆవిడ చెయ్యి తీసేసింది. కొత్తగా దిగిన పక్కింటావిడ వచ్చి ఉగ్గుగిన్నె కథ మళ్లీ చెప్పమంటే, "ఏం కథలే" అని లోపలికి వెళ్లిపోయింది.

నాలుగోనాడు బూరె ఇల్లు చేరింది. రెండు గంటలకోసారి నీళ్లు పట్టాలి, మడ్డి కొట్టుకుపోవాలి, లేకపోతే రాయి కడుతుంది. సిరంజి చూస్తే అది పళ్లు బిగబట్టింది. మందు వరకు ఎలాగో బలవంతాన పోశారు. రోజంతా నీళ్లు అలా పొయ్యలేరు. లిఖిత నన్ను ఉడకబెట్టి, ముక్కులో సన్నని బ్రష్షు పెట్టి తోమి, మంచినీళ్లతో పట్టబోయింది. బూరె మొహం తిప్పేసుకుంది. మళ్లీ పట్టింది. గూట్లో మూలకి పోయింది. దానికి తెలిసింది ఈ ముక్కుతో పాటు దాని వెనకున్న చెయ్యి, ఆ చేతి పసుపు వాసన, ఆ గొణుగుడు.

పిల్ల నన్ను పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. బూరె పెదాలు ఎండి ఉన్నాయి. చివరికి లేచి, వంటింటి గుమ్మంలో కూర్చున్న మామ్మ దగ్గరికి వెళ్లి నన్ను ఆవిడ చేతిలో పెట్టింది.

"నీళ్లే మామ్మా."

సత్యవేణమ్మ నన్ను వంచి తన అరచేతిలో రెండు చుక్కలు పోసుకుని మనవరాలికి చూపించింది. "నీళ్లే అమ్మడూ."

బూరె వచ్చి కాళ్లు నా అంచు మీద ఆనించింది. నాలో అంత రుచిలేని పదార్థం ఎవరూ ఎప్పుడూ పొయ్యలేదు. అది మాత్రం చప్పరించి తాగింది.

ఇప్పుడు నా కాపురం గూటి పక్క కిటికీలోనే. ఎండుగడ్డి ఎప్పుడూ నిండుగా ఉంటుంది. గుడ్డ పూటకొకటి మారుస్తారు. ఎంత పొద్దున లేచినా సత్యవేణమ్మ కాఫీకన్నా ముందు తెల్లగుడ్డ ఎత్తి వెలుగుకి పట్టి చూస్తుంది. ఆ తర్వాత ఇంతవరకూ దాని మీద మరక పడింది లేదు.

ఇంతసేపు విన్నారు గనక మీ దగ్గర దాపరికం దేనికి. ఇందులో నేను కల్పించిన మాట ఇంకొకటుంది. కోళ్ల సంగతి కాదు, కోళ్లు కూశాయి. మరక పడలేదన్నానే, అది. రెండుసార్లు పడింది. ఇది పోయే రోగం కాదు, కాపలా కాసుకోవాల్సిన రోగమని డాక్టరమ్మ ముందే చెప్పింది.

రెండోసారి పడింది మొన్న ఆషాఢంలో. సత్యవేణమ్మ గుడ్డ ఎత్తి కిటికీ వెలుగుకి పట్టింది. రూపాయి బిళ్లంత గులాబి మరక. కిటికీ అవతల బచ్చలి తీగ వానకి ఏపుగా అల్లుకుని, ఆకులు లోపలికే వాలి ఉన్నాయి, చెయ్యి చాస్తే అందేలా. నేనేమో ఖాళీగా, నోరు తెరుచుకుని పక్కనే ఉన్నాను.

ఆవిడ మా ఇద్దరి వైపూ చూడలేదు. గుడ్డ మడిచి పట్టుకుని లోపలికి వెళ్లి, నిద్రపోతున్న పిల్ల భుజం తట్టింది.

"లెగవే అమ్మడూ. డాక్టరమ్మకి ఫోను చెయ్యి. పడింది."