జూన్ పదిహేను దాకా

ఆ రూలు మొగుడికి చెప్పడం ఖాలిదాకు అది నాలుగోసారి. వెనకటి మూడుసార్లూ ఆమె చేతిలో ఏదో ఒక పని ఉంది, బాబావలి చేతిలో ఫోనుంది. ఈసారీ అంతే. ఆమె ఉగ్గాని కోసం నానబెట్టిన బొరుగులు పిండుతోంది. ఆయన సోఫాలో కాలు మీద కాలేసుకుని, ప్రొద్దుటూరు నుంచి తమ్ముడు పంపిన వీడియో చూస్తున్నాడు.

“జూన్ పదిహేను దాకా ఆ అమెరికా కోచ్‌లు మనకు జవాబు రాయగూడదు. రాయకపోవడం కాదు, రాయగూడదు. అక్కడి కాలేజీ ఆటలోళ్ళ రూలు అది. పదో తరగతి అయిపోయిన ఏడు జూన్ పదిహేనొస్తేనే వాళ్ళు ఫోన్ చేయచ్చు, మెయిల్ పెట్టచ్చు. అంతవరకూ పిల్లతోనే కాదు, అమ్మానాయనలతో గూడా మాట్లాడగూడదు. మనం రాయచ్చు, వాళ్ళు చదువుకుంటారు. ఊరికే ఫారాలూ, క్యాంపుల కాగితాలూ పంపుతారు, అంతే.”

“ఏడాదిగా రాస్తాండావు. ఒక్కరన్నా పలికినారా?”

ఖాలిదా పిండుతున్న బొరుగుల్ని గిన్నెలోకి వదిలేసింది. “ఇప్పుడు నేను చెప్పిందేంది?”

“ఇష్టమున్నోళ్ళు రూలని ఊరుకుంటారా? వద్దనుకున్నోళ్ళే మూగనోము పడతారు. చట్నీలో ఉప్పు చూడు, నిన్న ఎక్కువైంది.”

ఈ మాట అన్నది ఏ చదువూ రాని మనిషైతే ఆమె సరిపెట్టుకునేది. బాబావలి సౌదీలోని రాబిగ్‌లో, రిఫైనరీకి పనిచేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్. ఏ డ్రాయింగు పాతది, ఏది కొత్తది, ఏ కాగితం ఏ తేదీకి ముందు గడప దాటకూడదు, ఎవరి సంతకం లేకుండా ఎవరికి పంపకూడదు అని చూడటమే ఆయన ఉద్యోగం. తేదీ తప్పిందని పెద్ద పెద్ద ఇంజనీర్ల కాగితాలు కూడా వెనక్కి కొట్టానని ఇంటికొచ్చి గొప్పగా చెప్తాడు. ఆ బుర్రే ఇంట్లోకొచ్చేసరికి, పెళ్ళాం చెప్పిన తేదీని తేదీ అనుకోదు. అదే మాట టీవీలో ఏ కోటు తొడుక్కున్నవాడో చెప్పి ఉంటే ఈపాటికి తాముండే కాంపౌండు అంతా చాటింపు వేసి ఉండేవాడు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, సాబేరా. పదహారో ఏడు. టెన్నిస్ ఆడుతుంది. ఆడుతుందంటే ఊరికే కాదు. కాంపౌండులో ఉన్న బ్రిటిష్ ఇంజనీరు భార్య ఒకామె, సెలవులకు వెళ్ళే ముందు రెండు గేములు ఆడి చిత్తుగా ఓడిపోయి, “ఈ పిల్లను అమెరికా కాలేజీలకు చూపించండి, ఆట చూసి ఫీజు లేకుండా చదివిస్తారు” అని పోయింది. ఆ ఒక్క మాట పట్టుకుని ఖాలిదా మొదలుపెట్టింది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన మనిషి, డిక్షనరీ పక్కన పెట్టుకుని అక్కడి రూళ్ళు చదివింది. ఎవరు ఎప్పుడు ఎవరికి రాయచ్చో ఒక నోటుబుక్కులో ఎక్కించుకుంది. వారానికొక వీడియో తీసి నలభై కాలేజీలకు పంపింది. ఏ మెయిల్‌కూ జవాబు రాదని తెలిసే పంపింది. జవాబు రాని పని చేయడం ఆమెకు కొత్తేమీ కాదు. పదిహేడేళ్ళుగా ఇంట్లో చేస్తున్నది అదే.

అయితే ఆ సంవత్సరం ఇంకొక తేదీ కూడా మీదికొస్తోంది. పెళ్ళాం పిల్లల్ని ఇక్కడ పెట్టుకున్నందుకు నెలనెలా తలకింత అని కట్టే లెవీ, మొదటేడు వంద రియాళ్ళు, పోయినేడు రెండొందలు, ఈ జులై నుంచి మూడొందలు. బాబావలి కంపెనీ, సౌదీవాళ్ళకు ఎన్ని ఉద్యోగాలిచ్చారని చూసే నితాకాత్ లెక్కలో పసుపురంగులోకి జారిపోయింది. సౌదీవాళ్ళను పెట్టుకోకపోతే ఎవరి ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, ఇఖామాలు, జులైలోనే రెన్యూ చేయాలి. కాంపౌండులో వారానికో కుటుంబం సామాను సర్దుకుంటోంది. ఆ బాధ నిజమేనని ఖాలిదాకూ తెలుసు. ఆమెను కాల్చింది ఆ బాధ కాదు, దాన్ని ఆయన వాడుకునే తీరు. కూరలో కారం ఎక్కువైతే “జులైలో మీ ఇద్దరికీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టిస్తా.” చొక్కా ఇస్త్రీ కాకపోతే “ఎగ్జిట్ కొట్టిస్తా.” సాబేరా బూట్లకు అడుగు అరిగిపోయిందంటే “కడప హాస్టల్లో యేస్తా, బూట్లు అక్కర్లే. ఎగ్జిట్.” దేశం నుంచి పంపేయడానికి ప్రభుత్వం ఒక కాగితం తయారుచేస్తే, దాన్ని ఈయన ఇంట్లో బెత్తంలా తిప్పుతున్నాడు.

“జూన్ పదిహేను దాకా ఆగండి. ఆ పొద్దుకు ఎవురూ పలక్కపోతే మీ ఇష్టం” అంది ఖాలిదా చివరికి. ఆయన సరేనన్నాడు. అన్నాడే కానీ ఆగలేదు.

రంజాన్ నెల రెండో వారంలో, ఆఫీసులో పని లేని సాయంత్రం, ఆమె నోటుబుక్కు ఫోటో తీసుకున్న సంగతి కూడా చెప్పకుండా, ఒహాయోలో ఉన్న ఒక కోచ్‌కు ఫోన్ కొట్టాడు. ఖాలిదాకు అన్నిటికంటే ఎక్కువ ఆశ ఉన్నది ఆ కాలేజీ మీదే. ఆ సంగతి ఇఫ్తార్ దగ్గర, ఎదురింటి లాల్ అహ్మద్ ముందు, ఖర్జూరం నములుతూ ఆయనే బయటపెట్టాడు.

“ఆడమనిషికి అంత పొగరా లాల్ భాయ్! నేను సాబేరా తండ్రినీ అంటానే ‘జూన్ పదిహేనుకు ముందు మీతో మాట్లాడకూడదు సార్, మన్నించండి’ అని టక్కున పెట్టేసింది. పిల్ల కావాలనుంటే అట్ల పెడతాదా? ఈమె యాడాది నుంచీ రూళ్ళూ రూళ్ళూ అని నన్ను ఎర్రోణ్ణి చేస్తాంది.”

“ఆమె చెప్పింది నేను చెప్పిన మాటే గదా!” ఖాలిదా గొంతు పెరిగింది. “అదే తేదీ, అదే రూలు!”

“చూసినావా, మళ్ళీ రూలంటాంది” అన్నాడు బాబావలి. లాల్ అహ్మద్ తలొంచుకుని షర్బత్ తాగాడు.

ఆ పూటే ప్రొద్దుటూరు నుంచి అత్త మదార్బీ ఫోన్. కొడుకు అప్పటికే చెప్పేసినట్టున్నాడు. “ఆడపిల్లను ఆటలకని అంత దూరం పంపేదేంది మే? నువ్వు గూడా బ్యాటు పట్టుకోని ఊళ్ళెంబడి తిరిగితివి. ఏం ఎలగబెట్టినావు?”

ఏం వెలగబెట్టింది? బాల్ బ్యాడ్మింటన్‌లో యూనివర్సిటీ టీముకు ఆడింది. ఆ పసుపుపచ్చ ఉన్నిబంతి ఎక్కడ పడుతుందో రెండడుగుల ముందే కాళ్ళకు తెలిసిపోయేది. చిదంబరంలో, మైసూరులో ఆడిన కాగితాలు అత్తగారింట్లో ఏ ట్రంకుపెట్టెలో ఉన్నాయో ఆమెకే తెలియదు. పెళ్ళిచూపుల్లో “ఆటలు మాన్పించండి, అందులో ఏముండాది” అని మొగుడివైపువాళ్ళంటే, “మాన్పిస్తాం” అని ఖాలిదా నాయనే అన్నాడు. ఆమెను ఎవరూ అడగలేదు. “ఏం లేదత్తా” అని ఫోన్ పెట్టేసి, ఆమె సింకు నిండా పడున్న గిన్నెలు తోమింది. తోముతూ భయపడింది. ఈయన చేసిన ఫోను వల్ల పిల్లకు ఏమైనా అవుతుందా? చేతులు తుడుచుకుని రూళ్ళన్నీ మళ్ళీ మొదటినుంచీ చదివింది. కోచ్ మాట్లాడి ఉంటే తప్పు అయ్యేది. మాట్లాడకుండా పెట్టేసింది కాబట్టి ఆ కోచ్ మాటా, పిల్ల దారీ రెండూ నిలిచాయి. పొగరని ఈయన అన్నది పిల్లకు చేసిన మేలు. ఖాలిదా కూర్చుని ఆ కోచ్‌కు ఒక మెయిల్ రాసింది: ‘మా ఆయన తెలియక చేశారు, మన్నించండి.’ తెలియక చేశారని రాయడానికి వేళ్ళు రాలేదు. నాలుగుసార్లు చెప్పింది. అయినా రాసింది. ఆయన చేసినవాటికి క్షమాపణలు చెప్పడం కూడా ఇంటిపనుల్లో ఒకటైపోయింది.

రంజాన్ పండగ అయిన వారానికి బాబావలి తల్లీకూతుళ్ళిద్దరి ఎగ్జిట్‌కూ కంపెనీలో కాగితం పెట్టేశాడు. టిక్కెట్లు జూన్ ఇరవయ్యైదుకు.

జూన్ పదిహేను శనివారం. ఆఫీసుకు సెలవు. ఏడు గంటలకు ఖాలిదా రెండు దోసెలు పోసిందో లేదో, సాబేరా ఫోను పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. “అమ్మా! చూడమ్మా!” అక్కడ తారీఖు మారి అప్పటికి రెండు నిమిషాలైంది. ఒహాయో కోచ్ మెయిలు. ‘ఈ నిమిషం కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. నీ వీడియోలన్నీ చూశాను. ఈరోజు మీ సాయంత్రం ఆరింటికి మీ ఇంట్లోవాళ్ళతో కలిసి మాట్లాడదామా?’ పెనం మీద దోసె మాడి బొగ్గయింది. ఎవరూ దించలేదు.

బాబావలి బనీను మీద లేచొచ్చి ఆ మెయిల్ మూడుసార్లు చదివాడు. ‘నువ్వు చెప్పిందే నిజం’ అనే మాట కోసం ఖాలిదా కాసేపు ఆయన మొహంలోకి చూసింది. “చూసినావా, నేను ఫోన్ చేయబట్టే మనం గుర్తుండినాం” అన్నాడాయన.

మధ్యాహ్నానికి ఇంకో మూడు కాలేజీల నుంచి మెయిళ్ళు వచ్చాయి. సాయంత్రానికి బాబావలి గడ్డం గీసుకుని పండగ చొక్కా తొడిగాడు. “మొగోడు మాట్లాడితే ఆ లెక్కే వేరు. నువ్వు టీ పెట్టు. వంటింట్లో ఫ్యాను కట్టెయ్, సప్పుడొస్తాది.” ఫోనును టిష్యూ డబ్బాకు ఆనించి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆరింటికి సిద్ధంగా కూర్చున్నాడు. ఖాలిదా టీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడింది.

పొట్టి జుట్టు, ఎండకు కమిలిన మొహం. కోచ్‌కు నలభై ఏళ్ళుంటాయి. కుశలాలు అయ్యాక ఆమె మొదట అడిగింది ఒక్కటే. “సాబేరాకు ఆట ఎవరు నేర్పుతున్నారు?”

“నేనే మేడమ్” అన్నాడు బాబావలి ఇంగ్లీషులో, రెప్ప కొట్టకుండా. “చిన్నప్పట్నుంచీ.”

ఖాలిదా చేతిలో టీ వేడిగా ఉంది. ఈ మనిషి ఐదేళ్ళలో టెన్నిస్ కోర్టుకొచ్చింది రెండుసార్లు. ఒకసారి కారు తాళాలు ఎక్కడ పెట్టావని అడగడానికి, ఇంకోసారి అతిథులొచ్చారు ఇంటికి రమ్మని పిలవడానికి. చల్లబడే పొద్దు మగవాళ్ళది, ఆడవాళ్ళకు కాంపౌండువాళ్ళు మూడు నుంచి ఐదు దాకా ఇచ్చారు. ఆ ఎండలో, సముద్రపు ఉక్కలో, ప్లాస్టిక్ బకెట్టు నిండా వెంట్రుకలూడిన పాత బంతులు పెట్టుకుని ఒక్కొక్కటీ విసిరింది ఎవరు? విసిరినవన్నీ వంగి వంగి ఏరింది ఎవరు? కుడి మోకాలికి రాత్రి ఉప్పు కాపడం పెట్టుకుని పొద్దున్నే క్యారియర్ కట్టింది ఎవరు? అబద్ధం చెప్పాడనే కాదు ఆమె బాధ. అబద్ధమని ఆయనకు తోచనైనా తోచలేదు. ఇంట్లో జరిగేదంతా తనవల్లే జరుగుతుందని ఆయన నిజంగానే నమ్ముతున్నాడు.

కోచ్ నవ్వింది. “అలాగా. మరి ప్రతి వీడియోలో ఒక ఆడగొంతు వినిపిస్తుంది. మంచి షాట్ పడే ముందు ప్రతిసారీ ఒకే మాట. ‘ఆగాగు.’ ఆ మాట నాకే నోటికొచ్చేసింది. ఎవరామె?”

“ఓ, అదా. నా భార్య మేడమ్. వీడియో తీస్తుంది.”

సాబేరా తల తిప్పి తల్లి వైపు చూసింది. బతిమాలుతున్నట్టూ లేదు, నిష్ఠూరంగానూ లేదు. అవతలివాళ్ళు సర్వీసు చేసేముందు కాళ్ళు సర్దుకుని చూసే చూపది.

ఖాలిదా గ్లాసును ఫ్రిజ్ మీద పెట్టింది. వచ్చి తండ్రీకూతుళ్ళ మధ్య కూర్చుంది. చోటు లేకపోతే బాబావలే జరగాల్సి వచ్చింది.

“ఆ గొంతు నాది” అంది. ఇంగ్లీషు తడబడింది కానీ ఆగలేదు. “నేర్పేది నేనే. నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడినాను. అందులో బంతి నేలకు తగలకూడదు, తొందరగా కొట్టాలి. ఆ తొందర నా నుంచి నా బిడ్డకు వచ్చింది. అది మాన్పడానికే ‘ఆగు’ అంటాను. బంతి లేచిందాకా ఆగమని.”

కోచ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఇద్దరు ఆడవాళ్ళూ, మధ్యమధ్య సాబేరా, కాళ్ళ గురించీ భుజం గురించీ మాట్లాడుకున్నారు. చివరికి కోచ్ దాచకుండా చెప్పింది. “ఈరోజు నేను ఏ మాటా ఇవ్వలేను. సర్వీసు ఇంకా బలపడాలి. ముఖ్యంగా నాకు మ్యాచ్‌లు కావాలి. ఈ ఏడాది గట్టివాళ్ళతో ఎక్కడ ఆడుతుంది?”

“ఇక్కడే మేడమ్, అన్నీ ఉన్నాయి” అన్నాడు బాబావలి.

“ఇక్కడ లేవు” అంది ఖాలిదా. “ఇండియాలో ఆడుతుంది. నేను తీసుకెళ్తాను.”

ఫోన్ పెట్టేశాక బాబావలి చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. “పరాయి మనిషి ముందర నా పరువు తీసినావు” అన్నాడు. ఇంకో రెండుసార్లు తిరిగాక మొహం తేటపడింది. వరమిచ్చేవాడిలా చేయి ఊపాడు. “సరే పో. రేప్పొద్దున్నే ఎగ్జిట్ క్యాన్సిల్ చేపిస్తా. లెవీ ఎట్లనో కడతా. మీరిద్దరూ యాడికీ పోబల్లేదు.”

“వద్దు. ఎగ్జిట్ ఉండనీండి.”

“ఏందీ?”

“అనంతపురంలో ఇల్లు తీసుకుంటాం. కోర్టులుండాయి, బెంగళూరు దగ్గర. పిల్ల అక్కడే ఇంటర్ చదువుతాది, నెలకు రెండు టోర్నమెంట్లు ఆడుతాది. ఇక్కడ కట్టే లెవీ అక్కడికి పంపండి, చాలు.”

“మరి నాకు తిండి?” అన్నాడు బాబావలి.

ఒంటరిగా ఎలా ఉండాలంటాడేమో, పిల్లను చూడకుండా ఎలా అంటాడేమో అని ఖాలిదా ఆ మాటలకు జవాబు వెతికి పెట్టుకుంది. ఆ జవాబుల అవసరమే రాలేదు. “బియ్యం డబ్బాలో గ్లాసుంది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు” అంది.

రాత్రి భోజనాలకు ముందే కోచ్ దగ్గర్నుంచి ఒక ఫారం వచ్చింది. సాబేరా ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నింపుతూ నింపుతూ ఒకచోట ఆగింది. “‘ఇకమీదట మీ కుటుంబంలో మేం ఎవరితో మాట్లాడాలి? ఒక్క పేరు మాత్రమే’ అంట. ఎవరి పేరు రాయాల?”

“నా పేరు రాయ్” అన్నాడు బాబావలి. “తండ్రి ఉండంగా తల్లి పేరు ఎట్ల రాస్తారు?”

ఖాలిదా ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుని, ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ తన పేరు రాసింది.

“వాళ్ళు అడిగింది తండ్రెవురని కాదు” అంది, తల ఎత్తకుండానే. “మాట్లాడాల్సింది ఎవురితో అని.”